ఊది ఆరబెట్టిన ఓటు

ఏప్రిల్ 19, 1981

మా వాడకు మంజూరైన బోరింగును మా ఊరి సర్పంచ్ వెంకట్రాం తన మామిడితోటలో వేయించుకున్నాడు. ఊరంతా ఆయనను దొర అంటుంది. ఈ నోటుబుక్కులో నేను అనను. ఇది దొంగతనం, చేసినవాడు వెంకట్రాం.

సమితి ఆఫీసులో కాగితం నా కళ్ళతో చూశాను. మా వాడ పేరే ఉంది. తోట గేటుకు మాత్రం తాళం ఉంది. లోపల మామిడి మొదళ్ళకు గవర్నమెంటు నీళ్ళు పారుతున్నాయి. మా ఆడవాళ్ళు తెల్లారకముందే అడవికి పోయి తునికాకు కోసి, తిరిగొచ్చి, మళ్ళీ బిందెలెత్తుకుని వాగు ఇసుకలో చెలిమలు తవ్వి నీళ్ళు తోడుకుంటున్నారు.

ఈ మాట నాయినకు చెప్పాను. నాయిన రాజమల్లు ఊరికి డప్పు చాటింపు వేసే మనిషి. జర మెల్లగ మాట్లాడు బిడ్డా, దొర జీతగాడు బయటనే ఉన్నడు అన్నాడు.

ఇంట్లో కూడా మెల్లగానే మాట్లాడాలట!

ఏప్రిల్ 21

పంచాయతీ ఎన్నికలు వచ్చే నెల.

మా ఊళ్ళో సర్పంచ్‌కు ఒక్కసారి కూడా ఓటు పడలేదు. నాయిన డప్పు కొడతాడు. అందరూ వెంకట్రాం గేటు ముందు నేలమీద కూర్చుంటారు. ఆయన పేరు చదువుతారు. బెల్లం పంచుతారు. దీన్నే ఏకగ్రీవం అంటారు. చిన్నప్పుడు ఆ బెల్లం నేనూ తిన్నాను. తలచుకుంటే ఇప్పుడు నోరు చేదు.

ఏప్రిల్ 24

మానుకోట పోయి వచ్చాను. బోరింగు సంగతి రాసిన కాగితం పట్టుకుని మూడు పార్టీల ఆఫీసులు తిరిగాను. వెంకట్రాం మీద మనిషిని నిలబెట్టండి, ఊరు మీ వెంట వస్తుందని చెబుదామని.

మొదటి ఆఫీసులో కుర్చీలో ఉన్నాయన కాగితం చదవకుండానే, వెంకట్రాం మనోడే గద తమ్మీ అన్నాడు. రెండో ఆఫీసులో చాయ్ తాగించి మరీ అదే మాట అన్నారు. మూడో ఆఫీసు గోడల నిండా మంచి మంచి నినాదాలు. వాటి కింద కూర్చున్న పెద్దమనిషి, ఈసారికి ఆయనతోని సర్దుబాటు అయింది, వచ్చేసారి నీ ముచ్చట చూద్దాం అన్నాడు. టేబుల్ మీద గుద్దాను. సిరాబుడ్డి ఎగిరి ఆయన ధోతి మీద పడ్డది. మెడ పట్టి బయటికి నెట్టారు. ధోతి పాడైనందుకు మాత్రం నాకు విచారం లేదు.

బస్సు కోసం నిలబడి పాతవన్నీ తవ్వుకున్నాను. అరవై తొమ్మిదిలో నాకు ఎనిమిదేళ్ళు. బడి మూతపడింది. ఊరంతా జై తెలంగాణ అంటుంటే అందరికంటే ముందు వెంకట్రాం. డెబ్బై ఒకటిలో ఆ జెండాకే గుద్దారు మావాళ్ళు. ఏడాది తిరగక ముందే ఆ పార్టీ, ఎవరి మీద కొట్లాడిందో వాళ్ళలోనే పోయి కలిసింది. అప్పటి నుంచి వెంకట్రాం వాకిట్లో జెండాలు మారుతూనే ఉన్నాయి. వెదురు కట్టె మాత్రం అదే. ఆ కట్టెను అడవి నుంచి నరుక్కొచ్చింది మా నాయిన.

ఏప్రిల్ 25

ఓటు బహిష్కరించాలి. మానుకోట బస్టాండులో ఎవరో చేతిలో పెట్టిన కరపత్రంలో రాసిందే కరెక్టు. ఇంకో దారి లేదు.

ఏప్రిల్ 26

ఇంకో దారి ఉంది.

తునికాకు కట్టలు అమ్మి ఆరబెట్టే కల్లానికి పోయి కరపత్రం గట్టిగా చదివాను. ఆడవాళ్ళు కట్టలు పరుస్తూనే విన్నారు. అయిపోయాక మా వాడ ఓదెమ్మక్క నడుం మీద చెయ్యి పెట్టుకుని లేచింది. డెబ్బై ఎనిమిదిల ఎమ్మెల్యే ఓట్లప్పుడు మేం కూలికి పోయి వచ్చేసరికి మీ ఓట్లు పడ్డయి పోండ్రి అన్నరు, మేం పోకుంటె మా ఓటు ఊకుంటదా తమ్మీ, ఆళ్ళే ఏసుకుంటరు, గా ముచ్చట నీ కాయితంల ఉన్నదా అని అడిగింది.

లేదు. రెండు వైపులా తిప్పి చూశాను. లేదు.

చాలా కోపం వచ్చింది, ఆమె అన్నది నిజం కాబట్టి. కానీ అప్పుడే బుర్రలో వెలిగింది. పోయిన ఏడు ఆకు కొనే కల్లేదారు మంచి కట్టలను పుచ్చువని పక్కకు నెడుతుంటే ఈమే కదా కట్ట విప్పి ఒక్కొక్క ఆకు అతని ముందు పరిచి, పుచ్చు యాడున్నదో సూపియ్యి అన్నది! ఆ సీజనంతా మళ్ళీ ఒక్క కట్ట నెట్టలేదు వాడు. నేను మూడు ఆఫీసుల్లో వెతికిన మనిషి మా కల్లంలోనే ఉంది.

నువ్వే నిలబడాలక్కా అన్నాను. పగలబడి నవ్వింది. నాకు సంతకమే రాదు, గిన్ని పుస్తకాలు సదివినవు, నువ్వే నిలబడరాదురా అన్నది. చెప్పక తప్పలేదు. నాకు ఇరవై ఏళ్ళే. ఓటు ఇరవై ఒకటికి.

ఓటే లేనోడు వచ్చి మనకు ఓటు వద్దంటున్నడే అని కల్లమంతా ఒకటే నవ్వు. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నవ్వులు ఆగాక ఓదెమ్మక్క, సరె కానీ, బోరింగు మన వాడకు వస్తదంటె నిలబడత అన్నది.

ఏప్రిల్ 28

చెయ్యరాని పని చేశాను.

ఏకగ్రీవానికి చాటింపు వెయ్యమని వెంకట్రాం కబురు పంపాడు. నాయిన గడ్డిమంట మీద డప్పు కాస్తున్నాడు. వద్దన్నాను. దొర మాట బిడ్డా అన్నాడు. కొడవలి తీసుకుని డప్పు చర్మం అడ్డంగా చీల్చాను.

నాయిన కొట్టలేదు, తిట్టలేదు. గిది మా నాయిన కట్టిన డప్పు అని మాత్రం అన్నాడు. ఉత్త చేతులతో ఇల్లిల్లూ తిరిగి నోటితో చెప్పి వచ్చాడు.

ఏప్రిల్ 29

నాయిన చీరిన డప్పును గోడకు తగిలించి కూలికి పోయాడు.

మే 1

గేటు ముందు ఊరంతా కూర్చున్నది. పేరు చదివారు. ఓదెమ్మక్క లేచి, నేను నిలబడుతున్న, ఓట్లు పెట్టుండ్రి అన్నది. బెల్లం తట్ట పట్టుకున్నవాడు పంచాలో లోపలికి తీసుకుపోవాలో తెలియక అట్లాగే నిలబడిపోయాడు.

వెంకట్రాం నవ్వాడు. ఓదీ, సర్పంచ్ కుర్సీల కూసుంటె నీ కాళ్ళు నేలకందుతయా అన్నాడు. నేల మీదనే కూసోని చేస్త దొరా, గిన్నేండ్ల సంది మీరు మమ్ముల కూసోబెట్టింది గాడనే గద అన్నది ఓదెమ్మక్క.

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ గేటు ముందు అట్లాంటి నవ్వు నేనెప్పుడూ వినలేదు.

నాయిన తల ఎత్తలేదు.

మే 5

నామినేషన్ అయింది. ఓదెమ్మక్క వేలిముద్ర వేసింది.

మే 14

మా గుర్తు నిచ్చెన. వెంకట్రాంది గొడుగు.

కల్లంలో ఉత్తుత్తి పోలింగ్ పెట్టాను. కాగితాల మీద నిచ్చెన, గొడుగు పక్కపక్కన గీసి, సీసా మూతను సిరాలో ముంచి ముద్ర వెయ్యమన్నాను. అరవై మంది వేశారు. విప్పి చూస్తే ఇరవై రెండు పాడు. అందరూ నిచ్చెన మీదే గుద్దారు, కానీ వెంటనే మడిచారు. తడి సిరా గొడుగుకు కూడా అంటింది. రెండు గుర్తుల మీద సిరా కనబడితే ఓటు తీసి పక్కన పడేస్తారని బడి పంతులు ముందే చెప్పాడు. గొంతు పోయేదాకా అరిచాను.

ఊకె ఒర్రకురా అని నన్ను కూర్చోబెట్టి, ఓదెమ్మక్క ఆడవాళ్ళ వైపు తిరిగింది. పచ్చి ఆకును ఎవలన్న బస్తాల తొక్కుతరా? ఆరినంక గద! గిది గంతె. ఊదుండ్రి, ఆరినంక మడువుండ్రి అన్నది.

రెండోసారి అరవై ఒక్క కాగితాల్లో ఒక్కటే పాడయింది. అది ఎట్లా వెయ్యాలో చూపిస్తానని నేను తొందరలో వేసింది.

మే 20

నాయిన కొత్త చర్మం తెచ్చి నానబెట్టాడు. పోయి పక్కన కూర్చున్నాను. తప్పయిందని చెబుదామనుకుని, చర్మం బాగుందన్నాను. ఈ తోలువారు పట్టుకో అన్నాడు. పట్టుకున్నాను.

ఎవరికేస్తవు నాయినా అని అడిగాను. ఓటు లేనోనికి చెప్తరా, గట్టిగ గుంజు అన్నాడు.

మే 28, పోలింగ్

మా వాడకు వెంకట్రాం ఎడ్లబండ్లు పంపాడు. ఎక్కొద్దని అరవబోతే ఓదెమ్మక్క ఆపింది. ముసలోళ్ళు ఎండల నడుస్తరా, ఎక్కనియ్యి, బండి ఆయనదైతె ఓటు ఆయనదా అన్నది. మొదటి బండిలో ముందు కూర్చున్నది మా నాయిన. ముఖం తిప్పుకున్నాను.

ఓటు లేని నేను బడి గోడకు ఆనుకుని నిలబడ్డాను. లోపల పరదా వెనక నుంచి ఉఫ్, ఉఫ్. మా వాడ మనిషి ఎవరు పోయినా ఉఫ్, ఉఫ్. పోలింగ్ ఆఫీసరు బయటికొచ్చి, ఏం ఊరయ్యా ఇది, అందరూ లోపలికి పోయి మంత్రమేస్తున్నారు అని పంతులును అడిగాడు. పంతులు చూరు పెంకులు లెక్కపెడుతున్నాడు.

వెంకట్రాం మనిషి తలుపు దగ్గర నిలబడి ఆయన జీతగాళ్ళను జల్ది జల్ది అని తరుముతున్నాడు. వాళ్ళు గుద్దడం, మడవడం, పరుగెత్తడం.

అదే రోజు, సాయంత్రం ఏడున్నర

ఓదెమ్మ 312. వెంకట్రాం 295. చెల్లనివి 41, అందులో ముప్పై ఆరు గొడుగు మీద గుద్ది తడిగా మడిచినవే!

గెలిచినం! గెలిచినం! గెలిచినం!

ఆడవాళ్ళు ఓదెమ్మక్కను ఎత్తుకున్నారు. దించుండ్రే, నడుం పోతది అని ఆమె ఒకటే మొత్తుకుంటున్నది. ఏ పార్టీ ఆఫీసుకూ పోకుండా, ఏ జెండా కట్టకుండా, మా కల్లం నుంచి మా మనిషిని మేమే సర్పంచ్‌ను చేసుకున్నాం. నేను ఎగిరాను, అరిచాను, ఎవరెవరినో వాటేసుకున్నాను.

గుంపు చివర నాయిన ఉన్నాడు. దగ్గరికి పోయాను. ఏమీ అడగలేదు. అడగాల్సిన పని లేకపోయింది. తెల్ల మీసం కొసన ఊదారంగు సిరా ఉంది. కాగితాన్ని ఎంత దగ్గరగా పెట్టుకుని ఊదాడో మా నాయిన!

జూన్ 2, పొద్దున

కొత్త డప్పు మోగుతున్నది. వాడలో మొదలై, గేటు ముందు నుంచి, ఊరి చివరి దాకా నాయిన గొంతు:

వినుండ్రి! రేపు పొద్దుగాల ఆరు గంటలకు మామిడితోట బోరింగు కాడికి! సర్పంచ్ ఓదెమ్మ తాళం తీపిస్తది! ఇంటికి రెండు బిందెలు పట్టుకొని అందరు రావాలె!