అలిగిన అల్లుళ్లకు అద్దె గదులు

అక్కా,

నువ్వు పోయి రేపటికి రెండేళ్లు. ఈరోజు నందిగామలో నాకు మళ్లీ కళ్లజోడు రాశారు. ఈ కోపం నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

"సైట్ మరీ ఎక్కువున్నవాళ్లకి లేజర్ తర్వాత కొంత వెనక్కి వస్తుందమ్మా. కార్నియా పల్చగా ఉంది, మళ్లీ చెయ్యలేం," అన్నారు డాక్టరుగారు, సాయంత్రం వాన పడుతుందన్నంత తేలిగ్గా. ఫోన్లో అమ్మ, "క్యారెట్లు తినవే అంటే విన్నావా?" అంది. పళ్లు కొరుక్కున్నాను.

నువ్వున్నప్పుడు, ఎవరైనా వెక్కిరిస్తారని బస్సెక్కగానే కళ్లజోడు తీసి దాచేదాన్ని కదా. జగ్గయ్యపేట దాకా బోర్డులన్నీ నువ్వే చదివి వినిపించేదానివి. చిల్లకల్లు దగ్గర మాత్రం ప్రతిసారీ "అలిగిన అల్లుళ్లకు అద్దె గదులు" అనేదానివి. నేను నమ్మేదాన్ని. పోయినేడు ఆపరేషనయ్యాక చూస్తే అక్కడున్నది సిమెంటు దుకాణం. నువ్వు చదివిన బోర్డుల్లో సగం అసలు లేనే లేవు. తిడదామంటే నువ్వూ లేవు. లేని బోర్డుల్ని ఉత్త మాటలతోనే చూపించావని తెలిసి, మాటలంటే నాకు పిచ్చి పట్టింది ఆ రోజే; అప్పట్నుంచీ చేతిలో పుస్తకాలే.

ఇవాళ తిరుగు బస్సులో బోర్డుల మీది అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. చిల్లకల్లు రాగానే అలవాటుగా పక్కకు తిరిగి, "ఆ బోర్డు మీద ఏముంది?" అన్నాను.

పక్క సీటు పెద్దావిడ నా వంక వింతగా చూసింది. "చేతినిండా పుస్తకాలు పెట్టుకుని, చదువు రానిదాన్ని నన్నడుగుతావేంటమ్మా? నువ్వే చెప్పు."

"అలిగిన అల్లుళ్లకు అద్దె గదులంటండి."

"నిజంగానా? మా అల్లుణ్ణి ఇవాళే దింపేస్తా!" అంటూ ఆవిడ కిటికీలోంచి తొంగి చూసింది.

ఆవిడతోపాటు నేనూ చూశానక్కా. అంతా మసకే.