ఓడ కింద ఎర్ర మిట్ట

అక్కా, కులాసాగానే ఉన్నాను. ఈ చలికి ముక్కు గడ్డకట్టింది గానీ నాలుక ఇంకా ఆడుతోంది.

మా ఓడ ఈ మంచు సముద్రంలో దుక్కి దున్నినట్టు అటూ ఇటూ తిరుగుతూ, కిందికి చప్పుడు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనితో అడుగు నేల పటం గీస్తుంది. తెర మీద లోతు నీలం, మిట్ట ఎరుపు. మొన్న నేను వంటగదిలోంచి టమాటా తొక్క తెచ్చి తెరకు అంటిస్తే, పటాలు చూసే ఆయన "కొండ! కొండ!" అని గంతులేశాడు. అంతా పడీపడీ నవ్వాం.

నిన్న మళ్ళీ ఎర్ర మిట్ట కనబడింది. ఆయన గోకి చూశాడు, ఊడలేదు. ఓడ పక్క చాలులోకి మళ్ళితే అదీ మళ్ళింది, ఆగితే ఆగింది. ఎటెళ్ళినా సరిగ్గా మా కిందే. ఆయన మొహం పాలిపోయి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నీ పనే కదా వంటాయనా? అవునను, నీకు పుణ్యముంటుంది."

అందరూ నా నోటివంకే చూస్తున్నారు.

"నా పనేలెండి" అన్నాను. తిట్టిపోసి, నవ్వి, కడుపునిండా తిన్నారు.

అమ్మ తోడక్కా, నేను వేలైనా పెట్టలేదు. ఇప్పుడు నిజం చెప్పినా వేళాకోళమే అంటారు. నువ్వొక్కదానివైనా నమ్ము.

అమ్మ కంట్లో చుక్కలు వేస్తున్నావా? పెరటి తలుపు గడియ బాగుచేయించమని బావకు చెప్పు. మహానుభావుడు కదలాలంటే భూకంపమే రావాలి. ఈ కార్డు అమ్మకు చదివి వినిపించకు.

మిట్ట ఇవాళ ఇంకాస్త ఎత్తుగా ఉంది. ఎదురుపడ్డ ప్రతివాడూ "సరదా చాల్లే, ఇక తీసెయ్యవయ్యా" అంటున్నాడు.

పిల్లలకు ముద్దులు.

నీ తమ్ముడు