నర్సు బొటనవేలు

జూన్ 3

అక్కను సస్పెండ్ చేశారు. గేటు దగ్గరే చేతిలో కాగితం పెట్టి ఇంటికి పొమ్మన్నారు. ఇరవై ఆరేళ్ళ సర్వీసు, అరపేజీ ఉత్తరం.

నిన్న పొద్దున ఫిట్టర్ ఆమె మరమగ్గంలో చెయ్యి పెట్టి ఏదో బిగిస్తున్నాడట. చూసుకోక ఈమె స్విచ్ వేసింది. ఆపమని అతను అరిచాడు. ఈమె ఆపలేదు. రెండు వేళ్ళు పోయాయి. నాకు వినపడలేదంటుంది అక్క. ఏటేటా చెవి పరీక్ష చేస్తున్నాం, ఆవిడవి పాము చెవులు అంటుంది మిల్లు. పదిహేనేళ్ళ రికార్డులు, పదిహేనింట్లోనూ నార్మల్. అంటే విని కూడా ఆపలేదనేగా.

పన్నెండో తారీఖున విచారణ. నేరం తేలితే ఉద్యోగం పోవడం ఒక్కటే కాదు, తెలిసి తెలిసి ఒకడి వేళ్ళు నలిపిన మనిషిగా మిగిలిపోతుంది.

అక్క ఏడవలేదు. కూర తరిగింది. అతనిది కుడి చెయ్యిరా, అని రెండుసార్లు అంది.

జూన్ 4

కమిటీ ముందు అక్క తరఫున నేనే మాట్లాడతానన్నాను. కాలేజీలో ఫిలాసఫీ చెప్పేవాడిని, మూడు పుస్తకాలు రాసినవాడిని, ఊరంతా విరోధులున్నవాడిని. మాట్లాడటం తప్ప నాకు వచ్చిందేముంది? బావ పోయినప్పటి నుంచీ అక్క ఇంట్లోనే నా మకాం.

ప్రాక్టీసు కోసం రాసుకుంటున్నాను. నా పుస్తకం చెప్పేది ఇంతే. జ్ఞానం అనేది లోకానికి తీసిన ఫోటో కాదు, మనం కట్టుకున్న కట్టడం. చీకటి గదిలో నడిచేవాడికి మంచం కనపడదు. మోకాలికి తగిలిన చోట ఆగుతాడు, తగలని చోట నడుస్తాడు. అలా ఒక దారి ఏర్పడుతుంది. ఆ దారి నడవడానికి పనికొస్తుంది. కానీ అది మంచం బొమ్మ కాదు. రాడికల్ కన్‌స్ట్రక్టివిజం అంటే ఇదే. సత్యం మా జేబులో ఉంది, మీరు నోరు మూసుకోండి అనే ప్రతి పెద్దమనిషి మీదా విసరడానికి దీన్ని రాయిలా చెక్కాను.

ప్రతి చాప్టరూ ముందు అక్కకే చదివి వినిపించాను, భోజనాల బల్ల దగ్గర. అంత శ్రద్ధగా నన్ను ఎవరూ వినలేదు. కన్నార్పకుండా చూసేది. బాగుందిరా, అనేది. అంకితం కూడా ఆమెకే. నా మొదటి శ్రోతకు, అని.

జూన్ 5

ఆసుపత్రిలో ఫిట్టర్ని చూశాను. చేతికి బొంతంత కట్టు. తిడతాడనుకున్నాను. మీ అక్కగారు ఎలా ఉన్నారు మాస్టారూ అని అడిగాడు. ఆ షెడ్డులో నా అరుపు నాకే వినపడలేదు, ఇక ఆమెకేం వినపడుతుంది అన్నాడు. ఇదే మాట కమిటీకి చెప్పాడట. వాళ్ళు రాసుకుంది మాత్రం ఒక్క ముక్క. అరిచినట్టు బాధితుడు ఒప్పుకున్నాడు.

జూన్ 6, సాయంత్రం 5

నా పాత విద్యార్థి వచ్చాడు. ఇప్పుడు మిల్లు లాయరు. బూట్లు విప్పి మరీ లోపలికొచ్చాడు, ఎక్కడ లేని వినయం. చేతిలో నా పుస్తకం, దాని మీద నా సంతకం.

మాస్టారూ, మీ నలభై ఒకటో పేజీయే మా కేసు, అన్నాడు. నిలబడి చదివాడు కూడా. లోకాన్నీ మన జ్ఞానాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చి చూసే కన్ను ఎవరికీ లేదు. జ్ఞానం లోకాన్ని పోలనక్కర్లేదు, అనుభవంలో పొసగితే చాలు, అని. అక్కగారి చెవి అసలు ఎలా ఉందో ఎవరికి తెలుసండీ, మన దగ్గరున్నవి పదిహేను పరీక్షలు, పదిహేనూ ఒకదానితో ఒకటి పొసిగాయి, ఇంతకు మించి మీరు మాత్రం ఏమడుగుతారు? అన్నాడు.

వెళ్తూ వెళ్తూ అక్క ముందు నిలబడి దణ్ణం పెట్టాడు. ఆరోగ్యం బాగుందా అమ్మా అన్నాడు. బాగానే ఉన్నాను నాయనా, అంది అక్క. వాడు నా వైపు తిరిగి కన్నుగీటినంత పని చేశాడు. చూశారుగా, వినపడుతోంది, అని.

నా వాక్యం! యజమానుల మీదికి విసరమని నేనిచ్చిన రాయి!

జూన్ 7

పత్రికలో నన్ను పదేళ్ళుగా ఉతికేసే పెద్దాయన ఫోన్ చేశాడు. సత్యం లేదని రాసినప్పుడే చెప్పాను కదయ్యా, దొంగలకి తాళంచెవి చేసిస్తున్నావని, అన్నాడు. సత్యం లేదని నేనెక్కడా రాయలేదని అరిచి పెట్టేశాను. ఆయనా నలభై ఒకటో పేజీ దగ్గరే ఆగిపోయినట్టున్నాడు.

జూన్ 8, మధ్యాహ్నం

చెవి డాక్టరు నాకు చదరంగం స్నేహితుడు. అక్కను తీసుకెళ్ళాను. హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి బటన్ ఇచ్చి, ఎదురుగా కూర్చున్నాడు. శబ్దం పంపిన ప్రతిసారీ అక్క బటన్ నొక్కింది. ఒక్కటీ వదల్లేదు. అంటే మిల్లు చెప్పిందే నిజమా?

డాక్టరు కాసేపు గడ్డం గోక్కున్నాడు. ఆవిడ చూపంతా నా చేతి మీదే ఉందయ్యా, అన్నాడు. లేచి వెళ్ళి ఆమె కుర్చీని గోడ వైపు తిప్పాడు.

ఇరవై నిమిషాలు. అక్క ఒక్కసారి కూడా నొక్కలేదు. తెరిచిన తలుపు దగ్గర బెంచీ మీదున్న నాకు ఆ హెడ్‌ఫోన్లలోంచి కీచుమంటూ వినపడుతోంది. ఆమె గోడ మీది క్యాలెండర్ చూస్తూ, ఇంకా మొదలెట్టలేదా డాక్టరుగారూ, అంది.

జూన్ 8, సాయంత్రం

అడిగితే అక్క నవ్వేసింది. మిల్లు నర్సు బల్లకి అవతల కూర్చుంటుందిరా, శబ్దం పంపాలంటే బొటనవేలితో మీట నొక్కాలి, వేలు కదిలిందా మనమూ నొక్కడమే. కొత్తగా వచ్చిన పిల్లకి ముందు నేర్పేది తెగిన పోగు ముడెయ్యడం కాదు, నర్సు వేలు చూడటం. సగం షెడ్డుకి నేనే నేర్పాను, అంది. ఎంత గర్వమో మొహంలో.

ఎందుకంటే, పరీక్ష తప్పినవాళ్ళకి మగ్గం పోతుంది. చెత్త దూది షెడ్డుకి తోస్తారు. ఆ దుమ్ములో రెండేళ్ళుంటే ఊపిరితిత్తులు పోతాయి. చెవులో ఊపిరో తేల్చుకోమంటే మేము చెవులు ఇచ్చేశాం, అంది.

మరి ఇంట్లో నేను చెప్పేవన్నీ? అన్నాను. నీది పెద్ద నోరు కదరా, బాగా కనపడుతుంది, అంది. చదివి వినిపించినప్పుడో? కాగితంలోకి తల దించేస్తావు, అప్పుడు మాత్రం కష్టం, అంది. మరి బాగుందిరా అనేదానివి? నువ్వు తలెత్తినప్పుడు అనేదాన్ని.



జూన్ 9

పొసిగింది. పదిహేనేళ్ళు నా నలభై ఒకటో పేజీకి కొలిచి కుట్టినట్టు పొసిగింది. వేలు కదిలింది, బటన్ నొక్కింది, నర్సు టిక్కు పెట్టింది.

కానీ నలభై రెండో పేజీ ఎవడు చదివాడు? తాను ఎలా ఉందో లోకం మనకు చెప్పదు. దానికి వచ్చిన మాట ఒక్కటే. కాదు. మన కట్టడం కూలినప్పుడే అది మనతో మాట్లాడినట్టు. కాబట్టి సైన్స్ పద్ధతి అంటే పొసిగిన లెక్కలు పేర్చుకుంటూ పోవడం కాదు. లోకానికి కాదనే వీలివ్వడం. కుర్చీ తిప్పడం. నా బోటి నిర్మాణవాదికి ఇది మరీ అవసరం, ఎందుకంటే వాడికి వేరే సాక్షి లేడు. మిల్లు పదిహేనేళ్ళుగా పరీక్ష చేయలేదు. పదిహేనేళ్ళుగా తలూపించుకుంది.

పన్నెండున ఇదే చెబుతాను. కమిటీ ముందే కుర్చీ తిప్పిస్తాను.

జూన్ 10

అక్క వద్దంటోంది. వేలు సంగతి బయటపడితే పోయేది నా ఒక్కదాని చెవి కాదురా, నలభై నాలుగు మంది చెవులు, అంది. అందరినీ దూది షెడ్డుకి తోలేస్తారు.

వాదించాను. నిజం తెలిస్తే మిల్లు మెడలు వంచి మగ్గాలకి శబ్దం ఆపే పెట్టెలు బిగించొచ్చు, చట్టం ఉంది, పత్రికలున్నాయి అన్నాను. ముందు ఆ పెట్టెలు బిగించి రా, తర్వాత మా సంగతి చెప్పుకుందువు గాని, అంది. నిన్ను హంతకురాలిలా చూస్తారే అన్నాను. చూడనీ, నేను కూడా రోజూ అద్దంలో అలాగే చూసుకుంటున్నాను, అంది.

జూన్ 11

మళ్ళీ వాదించాను. మొహం పక్కకి తిప్పేసుకుంది. ఇప్పుడు తెలుస్తోంది, ఆమె మొహం తిప్పుకుందంటే నా నోరు మూసినట్టే.

జూన్ 12, ఉదయం 7

మంచం కింద తల పెట్టి బూటు వెతుక్కుంటూ అడిగాను, వేలు సంగతి చెప్పేయనా అని. అలాగే, అంది.

జూన్ 12, సాయంత్రం 4

చెప్పాను. ముగ్గురు సభ్యులు, లాయరు, నర్సు, బల్ల మీద మెషీన్. ముందు నర్సు చేత ఎదురెదురుగా పరీక్ష చేయించాను. అక్క అన్నీ నొక్కింది. లాయరు చేతులు కట్టుకుని చిరునవ్వు. అప్పుడు నేనే కుర్చీ పట్టుకుని గోడ వైపు తిప్పాను. కుర్చీ తిరిగేటప్పుడు అక్క నా మొహంలోకి చూసింది. చాలా పదునుగా. కంగారనుకున్నాను.

ఒక్క బటన్ పడలేదు. ఎందుకలా జరిగిందో వివరంగా చెప్పాను. నర్సు తన బొటనవేలిని దొంగసొత్తులా పిడికిట్లో దాచుకుంది. లాయరు నా పుస్తకం మూసేశాడు.

జూన్ 13

గెలిచాం. ఆర్డరు రావడమే తరువాయి. అక్క తలనొప్పని పడుకుంది.

జూన్ 17

షెడ్డులో నలభై నాలుగు కుర్చీలు తిప్పారు. ముప్పై ఒక్క మంది పరీక్ష తప్పారు. ఇవాళ్టి నుంచే చెత్త దూదిలోకి. పెట్టెలూ లేవు, గిట్టెలూ లేవు. చట్టప్రకారం, ఆరోగ్యరీత్యా బదిలీ అట.

పక్కింటి నేతామె గుమ్మంలో నిలబడి వీధంతా వినేలా అరిచింది. ఏమమ్మా వదినా, నువ్వే నేర్పి నువ్వే అప్పజెప్పావా, నీ తమ్ముడి ఉపన్యాసానికి మా మగ్గాలే దొరికాయా? మూతికి అప్పుడే గుడ్డ కట్టుకుని ఉంది. అక్క ఆమె పెదాలనే చూస్తూ నిలబడింది. గుడ్డ వెనక ఏం కనపడి ఉంటుంది? అయినా తల దించుకుంది.

జూన్ 18

నువ్వు సరేనన్నాకే కదా చెప్పాను, అన్నాను. నేనెప్పుడు సరేనన్నానురా? అని అడిగింది అక్క.

పన్నెండో తారీఖు పొద్దున, అన్నాను. బూట్లు వెతుక్కునేటప్పుడు.

నాకు నీ వీపు కనపడింది, ఇక బయల్దేరదామా అన్నావనుకున్నాను, అంది.

నాకు తెలియదా? నాలుగు రోజుల ముందే డాక్టరు గదిలో కళ్ళారా చూశాను. తల దించితే వినపడదని ఆమె నోటితోనే విన్నాను. అయినా మంచం కిందే అడిగాను. ఎదురుగా అడిగి ఉంటే ఏమనేదో నాకు తెలుసు కనక.

జూన్ 24

ఆర్డరు వచ్చింది. మూడు పేజీలు. అక్క ఎదురుగా కూర్చుంటే అన్నీ వినపడ్డాయి, గోడ వైపు తిరిగితే ఏదీ వినపడలేదు. రెండు ఫలితాలూ పరీక్షించిన తీరును బట్టి ఏర్పడినవే కనక, ఏదో ఒకటే అసలైన వినికిడి అనడానికి వీల్లేదు. అందుచేత రెండింటికీ సగటు తీయడమైనది. సగటున చెవి సగం పనిచేస్తోంది. సగం చెవికి అరుపు వినపడి తీరాలి. నిర్లక్ష్యం రుజువైంది. తొలగింపు.

సగటు! మంచం ఉందన్నవాడికీ లేదన్నవాడికీ మధ్య అరమంచం! సిద్ధాంతం ఇలా చెప్పిందా? కాదు అని లోకం గొంతు చించుకుని అరిచినచోట ఈ ముగ్గురూ కూర్చుని భాగహారం చేశారు. కట్టడాలన్నీ సమానమని నేనేనాడూ అనలేదు. కూలినది కూలింది. నిలిచింది ఇంకా కూలనిది. ఆ తేడాయే సైన్స్‌కి మొత్తం ఆస్తి. అది పోతే మిగిలేది లాయర్లు.

రెండో పేజీ కింద నలభై ఒకటో పేజీని ఉదహరించారు. ప్రముఖ రచయిత, నిందితురాలి సోదరుడు, అని.

ఇదంతా ఎవరి మీద అరుస్తున్నాను? నలభై రెండో పేజీ రాసినవాడు కూడా ఇంట్లో కుర్చీ తిప్పలేదు.

జూన్ 29

అక్క పంపు దగ్గర గిన్నెలు తోముతోంది, నాకు వీపు పెట్టి. గుమ్మంలో నిలబడి అంతా చెప్పాను. బూటు కనపడుతూనే ఉందని, వెతుకుతున్నట్టు నటించానని, తెలిసే అడిగానని. క్షమించమన్నాను.

నా నీడ ఆమె ముందున్న గోడ మీద పడుతోంది. అది కదలడం చూసినట్టుంది. గిన్నె తోముతూనే, అలాగేలేరా, అంది.

ఎదురుగా వెళ్ళి మళ్ళీ చెప్పలేదు.