పిడికెడు బియ్యం

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. వంట చేసినప్పుడల్లా చర్చికని పిడికెడు బియ్యం నీ డబ్బాలో తీసిపెట్టి, ఆదివారాలు అక్కడికి తీసుకెళ్తూనే ఉన్నాను.

పోయిన నెల వానకు పత్తి తడిసి, ఏరడానికొచ్చిన ఒడిశా కూలీలు పస్తులున్నారు. ఆ బియ్యం వాళ్లకిద్దామన్నాను. సంఘపెద్ద ఒప్పుకోలేదు.

"ఎక్కడోళ్లో ఏందో! మనోళ్లకు పెట్టరాదు?"

డిగ్రీ చదివిన నాకు, బడి ముఖం చూడని నీ మాటే గుర్తొచ్చి, అదే ఆయన్ని అడిగాను.

"రాజు సంపుతడని తల్లిదండ్రులు పసిగుడ్డు ఏసయ్యను ఎత్తుకొని ఐగుప్తుకు పారిపోయిన్రు గద పెద్దయ్యా. ఆ దేశపోళ్లు గిట్లనే అంటే ఎట్ల బతికేటోడు?"

ఆయన లేచి డబ్బా దగ్గరికొచ్చాడు.

"అచ్చం మీ అవ్వ తీర్గనే అడుగుతున్నవ్" అంటూ తానే మూత తీశాడు.

కూలీలకు మళ్లీ పని దొరికింది. ఈ ఆదివారం వాళ్లలో ఒకామె చర్చికొచ్చి, కొంగుముడి విప్పి, నీ డబ్బాలో పిడికెడు బియ్యం పోసింది.