బ్యాటరీ తగ్గితే వెలిగే దీపం

చిరంజీవి సౌభాగ్యవతి అయిన నా శ్రీమతికి,

ఆశీస్సులు. నేను కులాసా, మీ అమ్మగారు కులాసా. నువ్వూ, నీ హాస్టలు గదిలో గురక పెట్టే ఆ స్నేహితురాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నీ ఉత్తరం మంగళవారం అందింది. కుండీల్లో మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను. బాత్‌రూం కుళాయి బాగుచేశాను. ఇప్పుడు కారడం లేదు, కాకపోతే తిప్పాలంటే రెండు చేతులూ కావాలి. నవ్వకు. ఉత్తరం చివర్లో మీ అమ్మగారి గురించి అడిగావే, దానికి జవాబు మాత్రం నింపాదిగా రాయాలి. ముందు కారు సంగతి చెప్పనీ.

మనది ఇరవై ఏళ్ళనాటి బండి. బ్యాటరీ తగ్గుతోందని ముందుగా చెప్పే దీపం దానికి లేదు. నువ్వు ట్రైనింగుకి వెళ్ళిన వారానికే నేనే ఒకటి తయారుచేశాను. రేడియోలు బాగుచేసేవాడి చేతులు ఊరికే ఉండవు కదా. షాపులో పాత సామాను డబ్బాలోంచి ఒక రిలే తీశాను. అది కరెంటు సరిగ్గా ఉన్నంతసేపూ పట్టుకుని ఉండి, తగ్గగానే వదిలేసే చిన్న స్విచ్చి. వదిలేసిందంటే స్టీరింగు పక్కన బొత్తామంత ఎర్ర దీపం వెలుగుతుంది. తాళం తిప్పకముందే తెలియాలని వైరు తిన్నగా బ్యాటరీకే కలిపాను. మీ అమ్మగారికి చూపిస్తే "ముద్దుగా ఉంది బాబూ" అన్నారు. ఆ పొగడ్తకి రెండు రోజులు నేను నేలమీద లేను.

తర్వాత నాకు జ్వరం వచ్చి కారు పది రోజులు కదల్లేదు. పదకొండో రోజు ఆవిడని పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామని తాళం తిప్పితే ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఎర్ర దీపానికి వెలిగే ఓపిక కూడా మిగల్లేదు. ముందురోజు సాయంత్రం ఆవిడ వెనక సీట్లో గొడుగు తెచ్చుకోవడానికి వెళ్ళారు. అది గుర్తొచ్చి, కారు లోపలి లైటు స్విచ్చి ఎటు ఉందో చూడనైనా చూడకుండా, "లోపలి లైటు ఆర్పడం మరిచిపోయినట్టున్నారు అత్తయ్యా" అనేశాను.

ఆవిడ కాసేపు ఆలోచించి, "ఆర్పినట్టే గుర్తు. మీరంటున్నారంటే మరిచిపోయే ఉంటాను" అన్నారు.

నేను అక్కడితో వదిలేశాను. ఆవిడ వదల్లేదు. పొయ్యి కట్టేశానా లేదా అని మూడేసిసార్లు చూసుకుంటున్నారు. తలుపు వేశానో లేదో అని సగం దారిలోంచి తిరిగి వస్తున్నారు. వాళ్ళ అక్కయ్య చివరి రోజుల్లో కన్నపిల్లల్నే గుర్తుపట్టలేకపోయిన సంగతి నీకు తెలుసు. తనకీ అదే మొదలైందని ఆవిడ భయం. మతిమరుపు వస్తోందని నీకు రాసింది ఆ భయంతోనే. ట్రైనింగు మధ్యలో మానేసి వచ్చెయ్యనా అని నువ్వు అడిగింది చదివాక, జవాబు రాయబోయి కలం కింద పెట్టేశాను.

ఎందుకంటే అంతకు రెండు రోజుల ముందే, ఆదివారం, అసలు సంగతి నాకు తెలిసిపోయింది. కారు వారం రోజులు తియ్యకపోయేసరికి, ఛార్జి చేయించిన బ్యాటరీ మళ్ళీ నీరసపడింది. ఈసారి కారు తలుపు ఎవరూ తెరవలేదు. తాళం కారుకి పెట్టకుండా చేతిలోనే ఉంచుకుని, కరెంటు ఎంత పోతోందో చూపే మీటరు తగిలిస్తే ముల్లు కదిలింది. నా దీపం వైరు ఊడదీస్తే సున్నాకి పడింది. ఆ రిలే పట్టుకుని ఉండటానికే రాత్రింబగళ్ళు కరెంటు తాగుతోంది. బ్యాటరీకి నేను పెట్టిన కాపలాయే దాన్ని తినేసింది. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, నాకు తట్టలేదు. తాళం తిప్పితేనే కరెంటు అందేలా వైరు మార్చడానికి పావుగంట పట్టింది. ఆవిడకి చెప్పడానికి నాలుగు రోజులు పట్టింది. నీ దగ్గర దాచడమెందుకు, సిగ్గేసింది. ఇంకే కారణమూ లేదు.

నిన్న చెప్పాను. ఆవిడ బీన్సు తుంచుతున్నారు. చేతిలోది కింద పెట్టారు.

"అయితే లైటు నేను ఆర్పే వచ్చానా?"

"ఆర్పే వచ్చారు అత్తయ్యా. తప్పు నాది."

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. "ఈ నెల రోజులూ పొద్దున లేవగానే మనవాళ్ళ పేర్లన్నీ వరసగా అనుకుని చూసుకుంటున్నాను బాబూ. ఒకరోజు మీ పేరు చప్పున తట్టలేదు. మొహమైనా కడుక్కోకుండా మంచం మీదే కూర్చుండిపోయాను" అన్నారు. నేనూ ఒక గుప్పెడు బీన్సు తీసుకుని తుంచాను.

కాబట్టి నువ్వు రావద్దు. పరీక్షలు రాసి, సర్టిఫికెట్టు పుచ్చుకునే రా. మీ అమ్మకి మతిమరుపు లేదు, మీ ఆయనకి బుద్ధి లేదు, జరిగింది అంతే. తిట్టాలనుంటే మాత్రం షాపు చిరునామాకి రాయి.

చెప్పేస్తే తీరిపోతుందనుకున్నాను. ఇవాళ పొద్దున వంటింటివైపు వెళ్తుంటే ఆవిడ గదిలోంచి సన్నగా మాట వినిపించింది. వాళ్ళ అక్కయ్య పేరు, మీ నాన్నగారి పేరు, నీ పేరు. అక్కడ ఆగారు. నేను చప్పుడు చెయ్యకుండా తలుపు దగ్గరే నిలబడ్డాను, నా పేరు వచ్చేదాకా.

ఇట్లు,
మీ అమ్మగారి అల్లుడు