గౌరమ్మ పలికిన పేరు

శుక్రవారం రాత్రి, కోటబొమ్మాళి

మతిమరుపు జబ్బులో మెదడులో పేరుకునే ప్రోటీను జాడ రక్తంలో దొరుకుతుందేమో చూడటం మా పరిశోధన. రక్తం తీసేముందు జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టాలి. అందులో ఓ పాడు ప్రశ్న: "మీ ఆయన పేరేంటి?" మొగుడి పేరు పలకకూడదని ఇక్కడి ముసలమ్మలు నోరు విప్పరు. వాళ్ళకి సున్నా వెయ్యాలట! ఆ ప్రశ్న తీసెయ్యమంటే మా సార్ వినడు.

ఇవాళ గౌరమ్మ మాత్రం ఠక్కున "అప్పలసూరి" అంది. హమ్మయ్య అనుకుని మార్కు వేశాను. పక్కనే ఉన్న ఆవిడ భర్త కళ్ళు తుడుచుకున్నాడు.

"పెళ్ళయిన కాడ్నించీ నా పేరు పలకనేదమ్మా. నానెవులో మర్సిపోనాది."

సార్‌కి ఫోన్ చేశాను. "జవాబు సరైనదే కదా" అన్నాడు.

ఆ ఒక్క మార్కుతో ఆవిడ పరీక్ష గట్టెక్కింది. ఆవిడ రక్తాన్ని జబ్బు లేనివాళ్ళ పెట్టెలో నా చేత్తోనే పెట్టాను.