రెండు సీసాలు తక్కువ

ట్రైనింగు క్యాంపు,
12-11-1964

ప్రియమైన చెంచూ,

మా ఆఫీసు పద్మనాభయ్య ఉత్తరం రాశాడు. నేను మన ఇంట్లో పెట్టి వచ్చిన పశువుల మందుల డబ్బా ఆఫీసుకు తీసుకెళ్లి చూస్తే, గొర్రెలకు ఎద తెప్పించే మందు రెండు సీసాలు తక్కువట. పైవాళ్లకు నేనేదో చెప్పుకుంటాను. నా భయం అది కాదు. జూన్‌లో నేను బయలుదేరేటప్పుడు, "ఇది ఆడమనిషికి పనిచెయ్యదా" అని నవ్వుతూ అడిగావు. అది కడుపుతో ఉన్న గుర్రం రక్తంలోంచి తీసిన మందు. మనుషులకు వేసేది కాదు. ఆ సీసాలు ఏమయ్యాయి?

నీ జయరామయ్య

విడవలూరు,
18-11-1964

శ్రీవారికి చెంచులక్ష్మి నమస్కారాలు.

ఇక్కడ ముసురు వదల్లేదు, దొడ్డంతా బురద. మొన్న గొర్రె ఈనితే బెల్లం పెట్టబోయాను. "పిల్లల తల్లి పెట్టాల. గొడ్డు చెయ్యి తగలనీబాక" అని అత్తయ్య గిన్నె లాక్కుంది. ఈనని బోడిగొర్రెను కటికవాడికి అమ్మనివ్వలేదని కూడా నామీద కోపం. ఏడేళ్లుగా వింటున్న మాటే, అయినా అలవాటు కాలేదు. వారంగా నాకు కళ్లు తిరుగుతున్నాయి. సీసాల సంగతి మీరు వచ్చాక చెబుతాను.

మీ చెంచు

క్యాంపు,
25-11-1964

చెంచూ,

వచ్చాక చెప్పేదేమిటి? సెలవు అడిగితే ఇవ్వలేదు. జనవరి దాకా నేనెలా ఆగను? ఆ సూది వేసుకున్నావా లేదా, ఒక్క మాట రాయి. పిల్లలు లేకపోతే లేకపోయారు, నాకు నువ్వు ఉండాలి.

ఒక మాట నీ దగ్గర దాచాను. లోపం పొట్టేలుదైనా జనం గొర్రెనే అమ్ముకుంటారని మా డాక్టరు ఒకసారి అన్నాడు. విని ఊరుకున్నాను. నన్ను పరీక్ష చేయించుకోమని ఎవరూ అనలేదు, నేనూ చేయించుకోలేదు.

జయరామయ్య

విడవలూరు,
7-12-1964

శ్రీవారికి,

కంగారుపడకండి. కళ్లు తిరిగింది కార్తీక సోమవారాల ఉపవాసాలవల్ల.

ఒక సీసా జూలైలో బోడిదానికి వేశాను. మీరు గొర్రెలకు సూది వేసేటప్పుడు కాళ్లు పట్టుకున్నది నేనేగా. గొడ్డుదని దాన్ని అమ్మేస్తుంటే చూడలేకపోయాను. రెండోది నాకోసమే దాచాను. పోయిన సోమవారం సూది మరిగించడానికి నీళ్లు కూడా కాచాను. అంతలో పోస్టుమాను మీ ఉత్తరం తెచ్చాడు. చదివేసరికి నీళ్లు చల్లారిపోయాయి. ఆ సీసా పద్మనాభయ్య గారికి ఇచ్చేశాను.

నిన్న పొద్దున బోడిది ఈనింది, రెండు పిల్లలు. అత్తయ్య బెల్లం గిన్నెతో వచ్చి చాలాసేపు నిలబడింది. నేను చెయ్యి చాపాను. ఇచ్చింది గాని నా ముఖం చూడలేదు.

జనవరిలో నెల్లూరు ఆసుపత్రికి వెళదాం. ఈసారి పరీక్షకు లోపలికి మీరు వెళ్లండి. ఏడేళ్లు మీరు కూర్చున్న బెంచీ మీద నేను కూర్చుంటాను.

మీ చెంచు